పాత జీపు వెనుక ఇరుసు

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల్లో పాత మోటారు అంటే మొదట చెప్పుకోవలసింది జీపు గురించే. సింగరేణి గనుల చుట్టూ, అడవి దారుల్లో, ఉట్నూరు, కెరమెరి వైపు బస్సు పోని ఊళ్లకు తిరిగిన బండి అది. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన విల్లీస్ జీపును మహీంద్రావారు 1940ల చివర మన దేశంలో బిగించసాగారు. తర్వాత వచ్చిన ఎత్తు బానెట్టు సీజే-3బీ దశాబ్దాల తరబడి తయారైంది.

50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేయని బండికి వింటేజి రిజిస్ట్రేషను ఇచ్చే నిబంధనలు 2021 జూలైలో వచ్చాయి. కొట్టాల్లో కోళ్లు పొదిగిన జీపులకు దాంతో విలువ పెరిగింది. ఇంజను విప్పుతారు, రంగు కొట్టిస్తారు. వెనుక ఇరుసు సంగతి మాత్రం అది ఊళ పెట్టేదాకా ఎవరికీ పట్టదు!

ఎడ్లబండికి రెండు చక్రాలూ ఇరుసు మీద విడివిడిగా తిరుగుతాయి గనుక మలుపులో బాధ లేదు. మోటారుకు అలా కాదు. ఇంజను బలాన్ని అడ్డంగా మళ్లించి రెండు చక్రాలకూ పంచాలి. మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలిది తక్కువ తిరగనివ్వాలి. మళ్లించేది క్రౌను, పినియన్. పంచేది డిఫరెన్షియల్. చక్రందాకా చేర్చేవి రెండు షాఫ్టులు. గుండు జీపులో కుడివైపు జరిగి వుంటుంది కాబట్టి షాఫ్టు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పాత సామాను కొనబోయేవాడు ఇది మొదట గుర్తుపెట్టుకోవాలి.

రెండవ చిక్కు ఇంకా పెద్దది. యుద్ధకాలపు జీపులో బరువును ఇరుసు గొట్టం మోస్తుంది, షాఫ్టు తిప్పడం మట్టుకే చేస్తుంది. అది విరిగినా చక్రం ఊడదు. సీజే-3బీలో షాఫ్టే బరువు మోస్తూ చక్రాన్ని తిప్పుతుంది. అక్కడ షాఫ్టు బయటి కొస విరిగిందా, చక్రం మనకంటే ముందు పోతుంది. నిర్మల్ దాటి మహబూబ్ ఘాటులో అది జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

పళ్ల లెక్క కూడా వేరే. యుద్ధకాలపు దాంట్లో క్రౌనుకు 39, పినియనుకు 8, అనగా 4.88. తర్వాతి పెట్రోలు జీపుల్లో 43కు 8, అంటే 5.38. డీజిలు జీపుల్లో మళ్లీ తేడా వుండవచ్చు. పాత ఇరుసు కొనేముందు మూత విప్పి పళ్లు లెక్కించడం మేలు. బండి కిందే వుంటే గేరు న్యూట్రల్లో పెట్టి, ఒక్క చక్రమే పైకి లేపి, దాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టు అయిదు చుట్లు తిరిగి ఇంకో మూడోవంతు దాటితే 5.38, అయిదుకు కొంచెం తక్కువైతే 4.88. ముందు ఇరుసు ఒక లెక్క, వెనుకది ఒక లెక్క అయితే నాలుగు చక్రాల గేరు వేసిన నాడు రెండూ కొట్లాడుకుంటాయి.

సామాను ఎక్కడ దొరుకుతుందంటే, సర్కారు వేలంపాటలో పోయిన జీపుల తుక్కులో. ఆపైన హైదరాబాదు గోషామహల్, సికింద్రాబాదు రాణిగంజి. ఇంకా పట్టుదల వుంటే జీపులకు పేరుపడ్డ హర్యానాలోని మండీ డబ్‌వాలీ. కొత్త సెట్లూ వస్తాయి. క్రౌను ఒకచోట, పినియన్ ఇంకోచోట కొనడం మటుకు దండుగ. అవి కార్ఖానాలో కలిపి నూరిన జత. రెంటి మీదా ఒకే నంబరు చెక్కి వుంటుంది. జత విడిపోతే పళ్లు బాగున్నా మోత తప్పదు.

విప్పేటప్పుడు సుత్తె దెబ్బలు వద్దు. హబ్బు షాఫ్టు కొసన టేపరు మీద బిగిసి వుంటుంది. దానికి పుల్లరే వాడాలి. కొడితే ఆ దెబ్బ పోయి లోపలి బేరింగులకు తగులుతుంది. "రెండు దెబ్బలేస్తే అదే వస్తది" అనే మిస్త్రీకి దండం పెట్టి రావడం మంచిది.

అరిగిన షాఫ్టుకు వెల్డింగు పెట్టించకండి. వేడికి ఉక్కు గట్టితనం పోతుంది. మంచి పాతది దొరకకపోతే ఈఎన్-24 కడ్డీతో లేతు మీద కొత్తది తీయించి, స్ప్లైన్లు కోయించి, హీటు ట్రీట్‌మెంటు చేయించవచ్చు. ఖర్చు ఎక్కువే గాని ప్రాణం కన్నా కాదు గదా!

బిగింపులో పనంతా షిమ్ములతోనే. పినియన్ లోతు, బేరింగుల బిగి, పళ్ల మధ్య సందు, అన్నీ ఆ పల్చటి రేకులతో కుదరాలి. సందు అంగుళంలో వెయ్యోవంతులు ఓ అయిదారు. చేతి అందాజా పనికిరాదు, డయల్ గేజి కావాలి. పళ్లకు నీలిరంగు పల్చగా పూసి తిప్పితే ముద్ర పంటి నడుమ పడాలి. కొసకో మొదటికో పడితే మళ్లీ విప్పడమే. ఒక్కోసారి నాలుగుసార్లు విప్పవలసి వస్తుంది.

గొట్టం మీద వుండే చిన్న బ్రీదరును ఎవరూ చూడరు. అది మన్నుతో మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి నూనె సీళ్లు దాటి బ్రేకు లైనింగుల మీదికి వస్తుంది. తీగతో పొడిచి శుభ్రం చేయండి, సీళ్లు కొత్తవి వేయండి, హైపాయిడ్ పళ్లకు తగిన ఈపీ-90 నూనె పోయండి.

మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ఆ నూనె దించి ఇనుప రజను వుందేమో వేళ్ల మధ్య చూసుకోవాలి. టేపరు మీద హబ్బు ఈలోగా కొద్దిగా లోపలికి కూర్చుంటుంది. నట్టు మళ్లీ బిగించి కొత్త కాటరు పిన్ను వేయాలి.