ఇరవై ఎనిమిదో రాత్రి

ఉద్యోగం పక్కన ఒక ఇల్లు కొని, రోజుల లెక్కన అద్దెకిచ్చే మనవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నేనూ ఆ కోవలోవాణ్ణే. డాలస్ శివార్లలో రెండు పడకగదుల ఇల్లొకటి ఎయిర్‌బీఎన్‌బీలో పెట్టాను. ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "నెలంతా ఉండేవాళ్ళకి ఎంత తగ్గిస్తున్నావు?" ఒకాయన 20 శాతం అంటాడు, ఇంకొకాయన 40. ఎందుకంత అని అడిగితే, పక్కింటాయన అంతే పెట్టాడట!

సరే, లెక్క వేద్దాం. రాత్రికి 100 డాలర్లు అనుకోండి. ఇల్లు శుభ్రం చేసే మనిషికి, దుప్పట్లు ఉతకడానికి, సబ్బులకీ కాఫీపొడికీ కలిపి మనిషి మారినప్పుడల్లా మనకి 90 ఖర్చు. చలికాలంలో 28 రాత్రులకి 18 నిండాయి, ఆరుగురు వచ్చి వెళ్ళారు. 1800లోంచి 540 పోతే మిగిలింది 1260. అదే ఒక్క మనిషి 28 రాత్రులూ ఉంటే ఖర్చు ఒక్కసారే. రాత్రికి 48 డాలర్లొచ్చినా మనకి మిగిలేది ఇంచుమించు అంతే. అంటే సగం తగ్గించినా నష్టం లేదు.

అక్టోబర్ సంగతి వేరు. టెక్సాస్ స్టేట్ ఫెయిర్, టెక్సాస్-ఓక్లహోమా ఫుట్‌బాల్ పోటీ రెండూ అప్పుడే. 28లో 25 రాత్రులు నిండితే, అదే లెక్కలో రాత్రికి 73 రావాలి. 26 శాతం దాటి తగ్గిస్తే చేతి చమురు వదిలినట్టే. ఏడాది పొడుగునా ఒకే శాతం పెట్టి వదిలేయడం ప్రోగ్రాంలో అంకెని హార్డ్‌కోడ్ చెయ్యడం లాంటిది. రాయడం తేలికే, సీజన్ మారగానే తప్పు జవాబిస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది, ఇది మనవాళ్ళకి వెంటనే తడుతుంది. ఆ సైటులో వారం తగ్గింపు 7 రాత్రుల నించి, నెల తగ్గింపు 28 నించి మొదలవుతాయి. వారానికి 10 శాతం, నెలకి 40 శాతం పెట్టారనుకోండి. 27 రాత్రులకి 2430 డాలర్లు, 28కి 1680! పందొమ్మిది రాత్రులు కావలసినవాడు కూడా (వాడికి 1710 అవుతుంది) 28 బుక్ చేసి, పని కాగానే వెళ్ళిపోతాడు. అందులో వాడి తప్పేమీ లేదు. మన క్యాలెండర్‌లో తొమ్మిది రాత్రులు మూతపడతాయి. జనవరిలో అయితే పోనిద్దురూ, అవెలాగూ ఖాళీవే. అక్టోబర్‌లో అవి బంగారం. అందుకే నేను జనవరిలో 40 పెడతాను, అక్టోబర్‌లో 15 దాటను.

పన్ను దగ్గర ఇలాంటి మెట్టే ఇంకొకటి. టెక్సాస్ రాష్ట్రపు హోటల్ పన్ను 6 శాతం, నగరానిది 7 అనుకుందాం. వరసగా 30 రోజులుంటామని ముందే రాతపూర్వకంగా ఒప్పుకున్నవాళ్ళకి మొదటిరోజు నించీ ఆ పన్నులు లేవు. రాత్రికి 60 చొప్పున 28 రాత్రులకి పన్నుతో 1898 డాలర్లు, 30 రాత్రులకి పన్ను లేకుండా 1800. కాబట్టి 28 అడిగి, ఇంకొంచెం తగ్గించమని బేరమాడేవాళ్ళకి నేను రేటు తగ్గించను, రెండు రాత్రులు కలుపుకోమంటాను. వాళ్ళకి 98 మిగులుతుంది, నాకు 120 ఎక్కువొస్తుంది. కాలిఫోర్నియాలో ఇల్లున్న మిత్రులు మాత్రం ఈ సలహా గుడ్డిగా పాటించకండి. అక్కడ 30 రోజులు దాటితే అతిథికి అద్దెదారు హక్కులు రావచ్చు. ఖాళీ చెయ్యనంటే కోర్టు మెట్లెక్కాల్సిందే.

నెలల తరబడి ఉండేవాళ్ళలో కొత్త ప్రాజెక్టుకి వచ్చినవాళ్ళు కొందరు, కూతురి పురిటికి ఇండియా నించి వచ్చిన అమ్మానాన్నలు కొందరు. ఆగస్టులో ఏసీ పగలూ రాత్రీ ఆడుతుంది గనక కరెంటు బిల్లు కూడా లెక్కలో కలుపుకోవాలి. ఈ పెద్దవాళ్ళు మాత్రం తగ్గింపు శాతం గురించి ఎప్పుడూ అడగలేదు. వాళ్ళడిగేది ప్రెషర్ కుక్కర్ ఉందా అని. ఉంది, రెండు పెట్టాను.