కలర్‌ యంత్రం మొరాయిస్తే.. ఎంతవరకు విప్పొచ్చు?

* గీత, మచ్చ, జామ్‌.. ఒక్కోదానికీ ఒక్కో మూలం
* స్కేలుతో కొలిస్తే సగం తెలిసిపోతుంది

మచిలీపట్నం: పెళ్లి ముహూర్తాలు దగ్గరపడితే డిజిటల్‌ ప్రింటింగ్‌ దుకాణాలకు క్షణం తీరిక ఉండదు. శుభలేఖలు, ఆల్బమ్‌ కాగితాలు, పాఠశాలల కరపత్రాలు అన్నీ ఒకే యంత్రం మీద నడవాలి. సరిగ్గా అప్పుడే కాగితంపై నిలువునా ఒక తెల్లగీత మొదలవుతుంది. ఇంజినీరు సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ నుంచి రావాలి. ఆయన వచ్చి చూసి, కావలసిన విడిభాగం వెంట లేదని వెళ్లి, మర్నాడు మళ్లీ వస్తే రెండు రోజులు గడిచిపోతాయి. ముహూర్తం ఆగదు. అప్పు చేసి కొన్న యంత్రమైతే బ్యాంకు వాయిదా అంతకన్నా ఆగదు.

ఇలాంటి ఫిర్యాదుల్లో విరిగిన భాగాలకన్నా దుమ్ము, తేమ, తప్పుడు సెట్టింగుల వల్ల వచ్చేవే తరచుగా కనిపిస్తాయి. వాటిని దుకాణదారుడే సరిచేసుకోవచ్చు. అయితే ఎక్కడ చేయి పెట్టాలో తెలియడం ఎంత అవసరమో, ఎక్కడ పెట్టకూడదో తెలియడం అంతకన్నా అవసరం.

లోపల జరిగేది ఇదీ..

ఏ కంపెనీ యంత్రమైనా మన ఊళ్లలో దానిని జిరాక్స్‌ అనే పిలుస్తారు. ఆ పేరుకు మూలమైన పద్ధతిని అమెరికాకు చెందిన చెస్టర్‌ కార్ల్‌సన్‌ 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో తొలిసారి విజయవంతంగా ప్రయోగించారు. గంధకం పూసిన జింకు రేకును రుద్ది, దానిలో స్థిర విద్యుత్తు పుట్టించి, పొడి చల్లి, అంటుకున్న అక్షరాలను కాగితానికి దించారు. నేటి లేజర్‌ కలర్‌ యంత్రంలోనూ సూత్రం అదే. డ్రమ్‌పై విద్యుదావేశం పరచుకుంటుంది. లేజర్‌ కిరణం బొమ్మను గీస్తుంది. గీసిన చోట టోనర్‌ పొడి అంటుకుంటుంది. సయాన్‌, మెజెంటా, పసుపు, నలుపు.. ఇలా నాలుగు రంగులకు నాలుగు డ్రమ్ములు. నాలుగింటి బొమ్మలూ ఒక బెల్టుపై ఒకదాని మీద ఒకటి చేరి, అక్కడి నుంచి కాగితం మీదకు దిగుతాయి. చివర ఫ్యూజర్‌ అనే వేడి రోలర్లు పొడిని కరిగించి కాగితానికి అతికిస్తాయి. ఈ వరుస గుర్తుంటే తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి నడుచుకుంటూ పట్టుకోవచ్చు.

ముందు నాలుగు కాగితాలు తీయాలి

మూతలు తెరిచే ముందు ఒక్కో రంగుతో ఒక్కో నిండు పేజీ ముద్రించి పక్కపక్కన పెట్టాలి. లోపం ఒకే రంగులో కనిపిస్తే ఆ రంగు డ్రమ్‌ను, దానికి సంబంధించిన భాగాలను అనుమానించాలి. నాలుగింటిలోనూ ఒకే చోట ఉంటే బెల్టు, కాగితానికి రంగు దించే రోలర్‌, ఫ్యూజర్‌లలో వెతకాలి.

కాగితం నడిచే దిశలో సన్నని తెల్లగీత, అదీ ఒక్క రంగులోనే ఉంటే లేజర్‌ బయటకు వచ్చే సన్నని అద్దంపై దుమ్ము చేరి ఉండే అవకాశం ఎక్కువ. ఫొటోలో ఇది తెల్లగా కనిపించదు. సయాన్‌ అందని చోట గీత ఎర్రగా తేలుతుంది. అది చూసి డ్రమ్‌ పోయిందని కొత్తది తెప్పించేవారు లేకపోలేదు. చాలా యంత్రాలకు ముందు తలుపు లోపలే ఈ అద్దాన్ని తుడిచే పుల్ల ఉంటుంది. యంత్రం ఆపి, దానిని నెమ్మదిగా చివరిదాకా లాగి నెడితే గీత పోవచ్చు. నిమిషం పని. ఛార్జింగ్‌ తీగ ఉన్న నమూనాల్లో దానిని శుభ్రం చేసే పిడి కూడా అలాగే ఉంటుంది.

మరో చిన్న తేడా ఉంది. కంప్యూటర్‌ నుంచి తీసిన ప్రింటులో గీత లేదు, అద్దంపై పరచి తీసిన కాపీలోనూ లేదు, పైనున్న ఫీడర్‌లో పెట్టి తీసిన కాపీలో మాత్రమే ఉంది అనుకుందాం. అప్పుడు ముద్రణ భాగాల్లో ఏ లోపమూ లేనట్లే. ఫీడర్‌ కింద వేలెడు వెడల్పున ఉండే అద్దంపై జిగురో, తెల్లసిరా చుక్కో అంటుకుని ఉంటుంది. తడిచేసి పిండిన మెత్తని గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

మచ్చ మళ్లీ ఎంత దూరంలో వచ్చింది?

ఒకే మచ్చ పేజీపై సమాన దూరాల్లో పునరావృతమవుతుంటే స్కేలు తీసుకోవాలి. గుండ్రంగా తిరిగే భాగంపై చిన్న గాయం ఉంటే ఆ భాగం ఒక చుట్టు పూర్తయిన ప్రతిసారీ మచ్చ పడుతుంది. 30 మిల్లీమీటర్ల వ్యాసం గల డ్రమ్‌ చుట్టుకొలత సుమారు 94 మిల్లీమీటర్లు. 60 మిల్లీమీటర్లదైతే 188. కాబట్టి ఏ3 కాగితం పొడవునా 94 మిల్లీమీటర్లకు ఒకసారి మచ్చ పడితే 30 మిల్లీమీటర్ల డ్రమ్‌ను అనుమానించవచ్చు. ఆయా నమూనాల సర్వీసు పుస్తకాల్లో ఏ దూరం ఏ భాగానిదో పట్టిక ఉంటుంది. ఇంజినీరు వచ్చినప్పుడు అడిగి ఆ అంకెలను యంత్రం పక్కన గోడకు అతికించుకుంటే ఎప్పటికైనా పనికొస్తాయి.

తీర ప్రాంతంలో తేమే శత్రువు

బందరు వంటి సముద్ర తీర పట్టణాల్లో అసలు తిప్పలు కాగితంతోనే. రీమ్‌ విప్పి వదిలేస్తే కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అంచులు వంకరపోతాయి, రెండేసి కాగితాలు కలిసి వెళతాయి, ముదురు రంగులు మచ్చలు మచ్చలుగా దిగుతాయి. ముసురు పట్టిన రోజుల్లో ఇది మరీ ఎక్కువ. రాత్రి దుకాణం మూసేటప్పుడు ట్రేలో మిగిలిన ఆర్టు కాగితాన్ని తీసి ప్లాస్టిక్‌ సంచిలో చుట్టి పెట్టడం, మర్నాడు కావలసినంతే విప్పడం మేలు. ఉదయం యంత్రం బాగా వేడెక్కాక రంగుల క్యాలిబ్రేషన్‌ చేసుకుంటే నిన్నటి శుభలేఖకూ నేటి శుభలేఖకూ రంగు తేడా తగ్గుతుంది.

గోటితో గీకితే రంగు రాలుతోందంటే ఫ్యూజర్‌ చెడిందని భయపడనవసరం లేదు. ముందుగా కాగితం సెట్టింగు చూడాలి. 300 జీఎస్‌ఎం అట్ట పెట్టి, తెరపై సాధారణ కాగితం అని ఉంచితే యంత్రం వేగంగా నడిపిస్తుంది. పొడి కరగడానికి చాలినంత వేడి అందదు. సరైన మందం ఎంచుకుంటే వేగం తగ్గి, రంగు అతుక్కుంటుంది.

కాగితం తరచూ ఒకే ట్రే వద్ద ఆగితే పికప్‌ రోలర్‌ రబ్బరుపై కాగితపు నూగు పేరుకుని ఉంటుంది. తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. తుడిచినా నున్నగా మెరుస్తుంటే అరిగిపోయినట్లే, మార్చుకోవాలి. ఇరుక్కున్న కాగితాన్ని అది నడిచే దిశలోనే, రెండు చేతులతో లాగాలి. చిరిగిన ముక్క లోపల మిగిలితే ఆ రోజంతా జామ్‌లే.

బ్లోయర్‌ వాడొద్దు

చాలా దుకాణాల్లో కనిపించే పెద్ద పొరపాటు బ్లోయర్‌తో గాలి కొట్టడం. బయటకు పోయే దుమ్ముకన్నా సెన్సర్లలోకి, లేజర్‌ పెట్టె వైపు వెళ్లేదే ఎక్కువ. ఇళ్లలో వాడే వాక్యూమ్‌ క్లీనరూ పనికిరాదు. టోనర్‌ రేణువులు అతి సూక్ష్మమైనవి కావడంతో దాని వడపోత గుండా గదిలోకే తిరిగొస్తాయి. స్థిర విద్యుత్తుతో నిప్పురవ్వ లేచే ప్రమాదమూ ఉంది. టోనర్‌ కోసమే తయారైన వాక్యూమ్‌ గానీ, పోగులు రాలని పొడి గుడ్డ గానీ వాడాలి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. చేతులకు, బట్టలకు అంటితే చన్నీళ్లతోనే కడగాలి. వేడినీళ్లు పొడిని మెత్తబరచి మరకను పట్టేస్తాయి.

డ్రమ్‌ బయటకు తీయవలసి వస్తే వెలుతురు తగలకుండా వెంటనే నల్లగుడ్డ కప్పాలి. దాని ఉపరితలాన్ని వేలితో తాకరాదు, స్పిరిట్‌తో తుడవరాదు.

ఇక్కడ ఆగాలి

ఫ్యూజర్‌ పనిచేసేటప్పుడు 180 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ వేడిలో ఉంటుంది. స్విచ్‌ ఆపిన మరుక్షణం తాకితే చర్మం కాలుతుంది. చల్లారే వరకు ఆగవలసిందే. విద్యుత్‌ సరఫరా బోర్డుల్లోని కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు విద్యుత్తు నిల్వ ఉంటుంది. లేజర్‌ పెట్టె మరీ ప్రమాదకరం. లోపలి కిరణం కంటికి కనిపించకపోవచ్చు గానీ చూపు పోగొట్టగలదు. తలుపు తెరిచినా యంత్రం నడవాలని సేఫ్టీ స్విచ్‌లో అట్టముక్క దోపడం ఈ కారణంగానే తగదు. డెవలపర్‌ పొడి మార్చడం కూడా ఇంజినీరు పనే. పొడి పోశాక సెన్సర్‌ను కొత్తగా సరిచేయకపోతే టోనర్‌ పాళ్లు తప్పి యంత్రమంతా పొడిమయం అవుతుంది. వారంటీ గానీ, వార్షిక నిర్వహణ ఒప్పందం గానీ ఉంటే కాగితాలు ఒకసారి చదువుకోవాలి. సొంతంగా విప్పినా, ఇతర కంపెనీ టోనర్‌ వాడినా వర్తించదన్న షరతు ఉండవచ్చు.

ఇవేవీ కాక బల్లులు, ఎలుకల బెడద ఉండనే ఉంది. వెనుక వైపు కన్నాలు మూసి, చిరుతిళ్లు దగ్గర ఉంచకపోతే కొరికిన తీగల ఖర్చు తప్పుతుంది.

ఫోన్‌ చేసే ముందు

ఒక నోటుపుస్తకంలో మీటర్‌ రీడింగు, తెరపై కనిపించిన కోడ్‌, జామ్‌ అయిన చోటు, ఏ కాగితం, లోపం ఏ రంగులో, మచ్చల మధ్య దూరం రాసుకుని ఫోన్‌లో చెబితే ఇంజినీరు తగిన భాగాన్ని వెంట తెచ్చుకుంటారు. లోపమున్న నాలుగు పేజీల ఫొటోలు పంపితే మరీ మంచిది. రెండుసార్లు రావలసిన మనిషి ఒక్కసారితో పని ముగించుకుని వెళతారు.

నిండిన వేస్ట్‌ టోనర్‌ డబ్బాలోని పొడిని తిరిగి నలుపు టోనర్‌లో కలిపేవారూ ఉన్నారు. అందులో అన్ని రంగులూ, కాగితపు నూగూ కలిసి ఉంటాయి. అది డ్రమ్‌ను, డెవలపర్‌ను పాడుచేస్తుంది. చెత్తకుప్పపై కాల్చడం ఇంకా చేటు. 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జ్‌లూ ఉన్నాయి. ఖాళీవాటిని మూతబిగించి, కొత్తవి ఇచ్చే డీలరుకు గానీ, అధీకృత రీసైక్లింగ్‌ సంస్థకు గానీ అప్పగించాలి.