కంప్యూటరు విమానానికి పరీక్ష

పిల్లలూ! మీలో కొందరి ఇళ్లలో కంప్యూటరు మీద విమానం నడిపే ఆట ఉండే ఉంటుంది. దాన్ని ఫ్లైట్ సిమ్యులేటరు అంటారు. ఆట అంటున్నాం గాని, అది ఆటకోసం పుట్టింది కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రికి ఆర్గన్ వాద్యాలు చేసే కర్మాగారం ఉండేది. ఆ వాద్యాలలో గాలి ఊదే తిత్తులనే వాడి లింక్ 1929లో ఒక బుల్లి విమానం చేశాడు. అది నేల విడిచి ఎగరదు. కూర్చున్నచోటే వంగుతుంది, తిరుగుతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఎందరో వైమానికులు దానిలో కూర్చునే, బయట ఏమీ కనిపించనప్పుడు విమానం ఎలా నడపాలో నేర్చుకున్నారు. మైక్రోసాఫ్ట్ సంస్థవారి ఫ్లైట్ సిమ్యులేటరు 1982లో వచ్చింది.

సిమ్యులేటరుతోపాటు కొన్ని విమానాలు వస్తాయి. అవి చాలవనుకుంటే ఇతరులు తయారుచేసిన విమానాలను విడిగా తెచ్చి చేర్చుకోవచ్చు. వీటిని యాడాన్లు అంటారు. కొన్ని ఉచితంగా దొరుకుతాయి, కొన్నిటికి వేల రూపాయలు పెట్టాలి. అంత డబ్బు పెట్టేముందు ఆ విమానం మంచిదో కాదో తేల్చుకోవద్దూ? ఉదాహరణకు ఏటీఆర్ 72-600 అనే విమానాన్ని తీసుకుందాం. హైదరాబాదు నుంచి రాజమహేంద్రవరం, కడప వంటి ఊళ్లకు ఏటీఆర్‌లు ఎగిరాయి గనక మీలో కొందరు దాన్ని చూసే ఉంటారు. డెబ్బై మందికి పైగా పడతారు. రెండు ఇంజన్లు, ఒక్కొక్కదానికి ఆరు రెక్కల ప్రొపెల్లరు.

ఇది టర్బోప్రాప్ జాతి విమానం. అంటే ఏమిటో తెలియాలంటే ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. పెద్దవాళ్లను దగ్గర పెట్టుకొని, రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా ఉంచండి. ఒకదానికే స్విచ్చి వేయండి. కాసేపటికి రెండవది కూడా మెల్లగా తిరగటం మొదలుపెడుతుంది. రెంటికీ మధ్య గాలి తప్ప ఇంకేమీ లేదు! ఏటీఆర్ ఇంజనులో జరిగేది ఇదే. ముందు భాగం గాలిని పీల్చి అదుముతుంది. ఆ గాలిలో ఇంధనం మండుతుంది. మండిన వేడి వాయువులు వెనుకనున్న మరొక చక్రాన్ని తిప్పుతాయి. ప్రొపెల్లరుకు సంబంధం ఆ వెనుక చక్రంతోనే. గాలిని అదిమే భాగానికీ ప్రొపెల్లరుకూ మధ్య ఇరుసు లేదు.

మన మొదటి పరీక్ష ఇందులోంచే వస్తుంది. విమానం నేలమీద ఉండగా ఇంజను మొదలుపెట్టి చూడండి. ముందుగా లోపలి చక్రం వేగం సూచించే ముల్లు కదలాలి. అది నూటికి పది దాటాక పైలటు కండిషన్ మీట అనే దాన్ని జరిపి ఇంధనం వదులుతాడు. అప్పుడు వేడి చూపే ముల్లు గబగబా లేచి, తిరిగి కొంత దిగాలి. స్టార్టు మీట నొక్కీ నొక్కగానే ప్రొపెల్లరు గిర్రున తిరిగిందంటే, ఆ యాడాన్ చేసినవారికి ఈ ఇంజను సంగతి తెలియదన్నమాట. ఏటీఆర్‌కు ఇంకొక వింత ఉంది. నేలమీద ఆగి ఉండగా కుడి ప్రొపెల్లరుకు బ్రేకు వేసి, ఆ ఇంజనును మాత్రం నడపవచ్చు. ప్రొపెల్లరు కదలదు, విమానంలో కరెంటు, చల్లగాలి వస్తూనే ఉంటాయి. దీనికి హోటల్ మోడ్ అని పేరు. మంచి యాడాన్‌లో ఇది ఉండి తీరాలి.

రెండవ పరీక్ష ముఖ్యమైనది. గోదావరి మీద పడవవాడు తెడ్డు వేయటం చూశారా? తెడ్డు వెడల్పు వైపు నీటికి ఆనితే పడవ కదులుతుంది. అదే తెడ్డును అంచు వైపు తిప్పితే నీళ్లు కోసుకుపోతాయి గాని పడవ కదలదు. ప్రొపెల్లరు రెక్కలను కూడా ఇలాగే తిప్పవచ్చు. రెక్కల అంచు ఎదురుగాలి వైపు తిరిగి ఉండటాన్ని ఫెదర్ అంటారు. ఒక ఇంజను చెడిపోతే దాని ప్రొపెల్లరు గాలికి అడ్డుపడకుండా ఈ ఏర్పాటు. దీన్ని చేసేది కూడా ఆ కండిషన్ మీటే.

ఈ మీట ఎంత గొప్పదో, ఎంత ప్రమాదకరమైనదో ఒక విషాద ఘటన చెబుతుంది. 2023 జనవరి 15న నేపాల్‌లో ఖాట్మండు నుంచి పోఖరా వెళ్లిన ఏటీఆర్ 72 విమానం దిగబోతూ కూలిపోయింది. అందులో ఉన్న 72 మందీ మరణించారు. ఫ్లాపుల మీటను జరపవలసిన చోట, దాని పక్కనే ఉన్న రెండు కండిషన్ మీటలనూ పొరపాటున ఫెదర్‌కు జరపటం ఇందుకు కారణమని విచారణ సంఘం తేల్చింది. ఇంజన్లు ఆగిపోలేదు, నడుస్తూనే ఉన్నాయి. కాని తెడ్డు అంచు తిరిగింది కదా! పవర్ మీటలు ముందుకు తోసినా విమానాన్ని లాగే బలం పుట్టలేదు.

కాబట్టి కంప్యూటరులో పదివేల అడుగుల ఎత్తుకు వెళ్లి, రెండు కండిషన్ మీటలనూ ఫెదర్‌కు లాగి చూడండి. ప్రొపెల్లర్ల వేగం పడిపోవాలి, విమానం కిందికి దిగజారాలి. మీటలు మళ్లీ యథాస్థానానికి తెస్తే బలం తిరిగి రావాలి. మా మనవడి కంప్యూటరులో రెండు ఏటీఆర్‌లను ఇలా పరీక్షించాను. ఉచితంగా వచ్చినదానిలో ఈ మీటలు ఎటు లాగినా ఏమీ కాలేదు. "ఇది చాలా మంచి విమానం తాతయ్యా, ఏం చేసినా పడదు!" అన్నాడు వాడు. నేను దాని మార్కులు కొట్టేసింది సరిగ్గా అందుకే. తప్పు లెక్కకు కూడా ఒప్పు గుర్తు వేసే ఉపాధ్యాయుడి దగ్గర ఎవరు మాత్రం లెక్కలు నేర్చుకుంటారు?

దిగిన తరువాత చక్రాలు నేల తాకగానే పవర్ మీటలను పూర్తిగా వెనక్కు తీసి చూడండి. రెక్కలు పళ్లెంలా బల్లపరుపుగా అయి గాలిని అడ్డగిస్తాయి గనక, బ్రేకు వేయకముందే విమానం బాగా నెమ్మదించాలి.

ఇక లెక్కలు ఇష్టమైనవారికి ఒక పని. ఏటీఆర్ 72 పైన నిలకడగా ఎగురుతున్నప్పుడు రెండు ఇంజన్లూ కలిసి గంటకు సుమారు 700 కిలోల ఇంధనం తాగుతాయి. అంటే పది నిమిషాలకు ఎంత? 117 కిలోలు. గడియారం చూసుకుంటూ, మీటరులో ఎంత తగ్గిందో కాగితం మీద రాసుకోండి. అయిదారు కిలోల తేడా ఉంటే పట్టించుకోనక్కరలేదు.

రంగులు, కుర్చీల మీది కుట్లు, కిటికీ మీద వాన చుక్కలు—ఇవన్నీ చూడటానికి బాగుంటాయి. వీటికి పది మార్కులకు మించి వేయను.

తల్లిదండ్రులకు ఒక మాట. 2020లో వచ్చిన సిమ్యులేటరుకు చేసిన విమానం 2024లో వచ్చినదానిలో సరిగా పనిచేస్తుందో లేదో, మీ కంప్యూటరు దాన్ని మోయగలదో లేదో కొనేముందే కనుక్కోండి. కొన్నాక డబ్బు తిరిగి ఇస్తారా, లోపాలు దిద్ది కొత్త ప్రతి ఉచితంగా పంపుతారా అన్నది కూడా అడగండి. పిల్లవాడు తొందరపెట్టినా సరే, ఒక వారం ఆగవచ్చు.

నేను చూసిన రెండింటిలో ఉచితమైనదానికి నూటికి 28 వచ్చాయి, అందులో పది రంగులవే. వెల ఇచ్చి కొన్నదానికి 81 వేశాను. హోటల్ మోడ్, ఫెదర్ రెండూ చక్కగా చేసింది. ఇంధనం మాత్రం పది నిమిషాలకు 90 కిలోలే తాగింది.