వైఫై కనెక్టెడ్... కానీ నెట్ లేదు! రౌటర్‌లోనే ప్యాకెట్లు పట్టుకుంటే దొరికిన దొంగ

ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, కింద మాత్రం 'ఇంటర్నెట్ లేదు' అని ఉంటుంది. నలుగురం ఉండే మా ఫ్లాట్‌లో రెండు వారాలు ఇదే గోల. నా ల్యాప్‌టాప్‌లో నెట్ బాగానే వస్తుంది, రూమ్మేట్ ఫోన్‌లో రాదు. గంట తర్వాత వాడికి వస్తుంది, ఇంకొకడికి పోతుంది. రోజూ రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయడం, కస్టమర్ కేర్‌ని తిట్టుకోవడం. చివరికి ఒకడి వీడియో ఇంటర్వ్యూ మొదలవ్వకుండానే ఆగిపోయింది. ఇక ఊహలు మానేసి, ప్యాకెట్లే చూద్దాం అనుకున్నా.

ఎక్కడ చూడాలి? రూట్ చేయని ఆండ్రాయిడ్ ఫోన్‌లో అన్ని ప్యాకెట్లూ చూడనివ్వదు. ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ పెడితే మామూలుగా దాని సొంత ట్రాఫిక్కే కనిపిస్తుంది. అందరి ప్యాకెట్లూ తప్పకుండా దాటే చోటు యాక్సెస్ పాయింట్ ఒక్కటే. పైగా వైఫై ఎన్‌క్రిప్షన్ విప్పేది కూడా అదే, కాబట్టి పాస్‌వర్డ్ తంటా ఉండదు.

నా రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉంది. అందులోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి టీసీపీడంప్ ఇన్‌స్టాల్ చేశా. వైర్‌లెస్ ఇంటర్‌ఫేస్ ఎంచుకుని, పోర్ట్ 67, 68 మాత్రమే పట్టుకోమని ఫిల్టర్ ఇచ్చా. ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ మాటలన్నీ ఆ రెండు పోర్టుల మీదే నడుస్తాయి. ఫిల్టర్ లేకుండా మొత్తం పట్టుకుంటే మాత్రం ఒక తమాషా ఉంది. మీరు వైఫైలోనే ఎస్‌ఎస్‌హెచ్ వాడుతుంటే, స్క్రీన్ మీద పడే ప్రతి లైనూ మళ్లీ ప్యాకెట్‌గా వెళ్తుంది, అదీ క్యాప్చర్ అవుతుంది, దానికి ఇంకో లైను... ఆగదు. పోర్ట్ 22ని తీసేయాలి. నేను మొదటిసారి దీనికి బుక్కయ్యా.

ఫైల్‌లో సేవ్ చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త. రౌటర్‌లో టెంప్ ఫోల్డర్ అంటే ర్యామే. అది నిండితే రౌటర్ పడిపోతుంది, కాబట్టి ప్యాకెట్ల సంఖ్యకి లిమిట్ పెట్టండి.

ఇప్పుడు రూమ్మేట్‌ని ఫోన్‌లో వైఫై మర్చిపోయి మళ్లీ కనెక్ట్ అవ్వమన్నా. మామూలుగా జరగాల్సింది నాలుగు మెసేజ్‌లు: ఫోన్ 'ఎవరైనా ఉన్నారా' అని డిస్కవర్ పంపుతుంది, రౌటర్ ఆఫర్ ఇస్తుంది, ఫోన్ రిక్వెస్ట్ అంటుంది, రౌటర్ అక్‌నాలెడ్జ్ చేస్తుంది. నాకు ఒక డిస్కవర్‌కి రెండు ఆఫర్లు కనిపించాయి! ఒకటి నా రౌటర్ 192.168.1.1 నుంచి. రెండోది 192.168.0.1 నుంచి. ఆ రెండోది ఎవరు?

"మామా, హాల్లో సిగ్నల్ రావట్లేదని నా పాత రౌటర్ పెట్టాగా!" అన్నాడు ఒకడు. కేబుల్‌ని ల్యాన్ పోర్ట్‌లో గుచ్చి వదిలేశాడు, అందులో డీహెచ్‌సీపీ ఆన్‌లోనే ఉంది. అది ఇచ్చే గేట్‌వే కూడా తన అడ్రస్సే. కానీ దాని వ్యాన్ పోర్ట్ ఖాళీ, బయటికి దారే లేదు. ఎవరి ఆఫర్ ముందొస్తే ఫోన్ సాధారణంగా దాన్నే తీసుకుంటుంది. ఒకసారి నెట్ వచ్చి ఇంకోసారి రాకపోవడానికి కారణం ఇదే. నా ల్యాప్‌టాప్ మాత్రం నా రౌటర్ దగ్గరే పాత అడ్రస్ రెన్యూ చేసుకుంటూ హాయిగా ఉంది.

రెండో రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి, దాని ఐపీని 192.168.1.2గా మార్చా. తప్పు అడ్రస్ తీసుకున్న ఫోన్లు లీజ్ అయిపోయేదాకా దాన్నే పట్టుకుని కూర్చోగలవు, కాబట్టి అందరి వైఫై ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయించా.

అన్ని వైఫై సమస్యలూ ఇలా దొరకవు. సిగ్నల్ గొడవలు, గాల్లో పోయి మళ్లీ పంపిన ఫ్రేమ్‌లు ఈ క్యాప్చర్‌లో కనిపించవు, దానికి మానిటర్ మోడ్ కావాలి. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ ఆన్‌లో ఉంటే కొన్ని ప్యాకెట్లు సీపీయూకి రాకుండానే వెళ్లిపోతాయి, క్యాప్చర్ చేసేంతసేపూ దాన్ని ఆపండి.

ఇంకోటి, క్యాప్చర్ మొదలుపెట్టే ముందు ఇంట్లో వాళ్లకి చెప్పండి. హెచ్‌టీటీపీఎస్ వల్ల లోపలి విషయం కనిపించకపోయినా, మామూలు డీఎన్‌ఎస్‌లో ఎవరు ఏ సైట్ తెరిచారో పేరుతో సహా తెలుస్తుంది. నేను రెండు పోర్టులే పట్టుకున్నానని చెప్పినా మావాడు ఒకడు ఫైల్ డిలీట్ చేసేదాకా పక్కనుంచి కదల్లేదు.