స్పిన్ అను మాట: ఘనపదార్థముల ఉపరితలముపై ఎలక్ట్రానుల నడక

బిడ్డకు దిష్టి తీసిన ఉప్పును, మిరపకాయలను పొయ్యిలో వేయుట తెలుగు ఇండ్లలో అందరెరిగినదే. ఉప్పు చిటపటలాడిన క్షణమున మంట నిండు పసుపువన్నెకు తిరుగును. ఆ వన్నె ఉప్పులోని సోడియమువలన కలుగుచున్నది. మంచి వర్ణపటదర్శినితో చూచినచో ఆ పసుపు ఒకే రేఖ కాక, 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యములు గల రెండు రేఖలుగా విడివడి కానవచ్చును. ఆ స్వల్పమైన ఎడమునకు కారణము ఎలక్ట్రాను యొక్క స్పిన్నునకును, కేంద్రకము చుట్టు దాని చలనమునకును గల యుగ్మనము. నేడు ఘనపదార్థముల ఉపరితలములను గూర్చి జరుగుచున్న పరిశోధనలలో ఒక పెద్ద శాఖకు మూలమిదియే.

తెలుగు శాఖ పత్రికలో ఈ ప్రసక్తి యేల యని పాఠకులు శంకింపవచ్చును. ఒకప్పుడు వేసవి సెలవులలో ఖమ్మము జిల్లా తిరుమలాయపాలెమున బంధువుల ఇంట కొన్నాళ్లుంటిమి. డిగ్రీ చదువుచున్న ఆ యింటి పిల్లవాడు మమ్మిట్లడిగెను: "మామయ్యా, ఎలక్ట్రాన్ తన చుట్టు తాను తిరుగుతదని మా పుస్తకంల ఉన్నది. బొంగరమైనా కాసేపటికి ఆగుతది గదా, ఇదెందుకు ఆగదు?" అతని పుస్తకమున స్పిన్ అనుదానికి 'ఆత్మభ్రమణము' అను పదము వాడబడినది. ప్రశ్న చక్కనిది, దానికి మూలమైన పదమే సందేహాస్పదము. అప్పుడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులనడిగి తెలిసికొన్నదానిని ఇచట వివరించుచున్నాము.

1925లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అను డచ్చి యువకులిద్దరు ఎలక్ట్రానునకు స్పిన్ కలదని ప్రతిపాదించిరి. వారును మొదట తిరుగుచున్న గోళమునే ఊహించిరి. కాని అట్టి గోళపు ఉపరితలము కాంతికంటె వేగముగ తిరుగవలసి వచ్చునని లోరెంట్జ్ ఆక్షేపించెను. ఆ ఆక్షేపణ నేటికిని చెల్లుచున్నది. స్పిన్ ఏ వస్తువు యొక్క తిరుగుడును కాదు. అది కణమునకు సహజమైన కోణీయ ద్రవ్యవేగము. దాని పరిమాణము పెరుగదు, తరుగదు. కావుననే అది ఆగుట అనునది లేదు. ఈ సందర్భమున మన ఆంధ్రుడొకరిని స్మరింపవలెను. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతము గారు కలకత్తాలో రామన్‌తో కలసి, కాంతికణమునకును స్పిన్ కలదని కాంతి పరిక్షేపణ ప్రయోగములచే 1931లో చూపిరి. కాంతికణమునకు తిరుగుటకు దేహమే లేదు గదా! భగవంతము గారు తరువాత 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి.

బొంగరమునకును స్పిన్నునకును గల ముఖ్యభేదము వేరొకటి గలదు. బొంగరమును 360 డిగ్రీలు త్రిప్పినచో అది యథాస్థితికి వచ్చును. ఎలక్ట్రాను స్థితిని అట్లు త్రిప్పినచో దాని తరంగమునకు గుర్తు మారి ఋణమగును. మరల మొదటి స్థితి రావలెనన్న 720 డిగ్రీలు త్రిప్పవలెను. ఎలక్ట్రానువలెనే అర్ధస్పిన్ గల న్యూట్రానులతో 1975లో ప్రయోగములు చేసి దీనిని ప్రత్యక్షముగ చూపిరి. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక; ముందు దీనితో పని యున్నది.

యుగ్మనమెట్లు కలుగును? ఎలక్ట్రాను దృష్టితో చూచినచో కేంద్రకమే తన చుట్టు కదలుచున్నట్లుండును. కదలు విద్యుదావేశము అయస్కాంత క్షేత్రమును కలిగించును. స్పిన్ గల ఎలక్ట్రాను తానొక చిన్న అయస్కాంతము. కావున ఆ క్షేత్రమున దాని దిశను బట్టి శక్తి మారును. కేంద్రకపు ఆవేశము హెచ్చినకొలదీ ఈ భేదము త్వరితముగ హెచ్చును. పరమాణు సంఖ్య 11 గల సోడియములో అది ఎలక్ట్రాన్ వోల్టులో సుమారు 500వ వంతు మాత్రమే. పరమాణు సంఖ్య 83 గల బిస్మతులో అది ఒక ఎలక్ట్రాన్ వోల్టును మించును.

ఇక ఉపరితలము. స్ఫటికము లోపల పరమాణువులు క్రమము తప్పక పేర్చబడియుండుటచే ఎలక్ట్రానులకు కొన్ని శక్తులే అనుమతములు; నడుమ నిషిద్ధమైన ఖాళీ యుండును. ఉపరితలమున ఆ క్రమము తెగును. అచట ఖాళీలోని శక్తులతోనే కొన్ని స్థితులు ఉండగలవని 1932లో టామ్, 1939లో షాక్లీ నిరూపించిరి. అయితే సామాన్యముగ అవి బలహీనములు; పైన మలినము చేరినచో చెదరిపోవచ్చును. ఉపరితలమునకు ఒకవైపు పదార్థము, మరొకవైపు శూన్యము గనుక, అచటి ఎలక్ట్రాను కదలు దిశతో దాని స్పిన్ దిశ ముడిపడును. ఇట్టి ముడిని సిద్ధాంతరీత్యా వివరించినవారిలో రాష్బా ముఖ్యుడు. బంగారపు స్ఫటికముపై 1996లో దీనిని ప్రయోగమున చూచిరి.

బిస్మత్ సెలెనైడునందు ఇంకను వింత గలదు. దాని లోపల యుగ్మనపు బలిమిచే శక్తిపట్టెల వరుస తలక్రిందులగును. లోపలి ఖాళీ సుమారు 0.3 ఎలక్ట్రాన్ వోల్టులు. అనగా లోపల అది విద్యుత్తును పోనీయరాదు. ఉపరితలము మాత్రము పోనిచ్చును. 2009లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఈ ఉపరితల స్థితులను కాంతివిద్యుత్ ఉద్గారముచే కొలిచిరి. చీర అంచును కత్తిరించినచో అంచు పోవును. ఈ పదార్థమును ఎచట కోసిన అచటనే క్రొత్త అంచు పుట్టును; ఏలయన అది పైన చేర్చినది కాదు, లోపలి గుణమునకు ఫలము. మన గ్రంథములు ఇన్సులేటరును 'విద్యుద్బంధకము' అనును. ఈ పదార్థము నడుమ బంధకము, అంచున వాహకము!

ఈ అంచున పోవు ఎలక్ట్రానునకు మలినము అడ్డు వచ్చినను, సరిగా వెనుకకు మరలదు. మరలవలెనన్న దాని స్పిన్ 180 డిగ్రీలు తిరుగవలెను. అది కుడివైపుగ తిరుగవచ్చును, ఎడమవైపుగ తిరుగవచ్చును. ఆ రెండు మార్గముల నడుమ భేదము 360 డిగ్రీలు. ఇంతకుముందు చెప్పినట్లు 360 డిగ్రీలకు గుర్తు ఋణమగును గనుక, రెండు తరంగములును ఒకదానినొకటి రద్దు చేసికొనును. ఎలక్ట్రాను నిజముగ బొంగరమైనచో ఈ రద్దు ఉండదు. 'ఆత్మభ్రమణము' అని చదివిన విద్యార్థికి సరిగా ఇచటనే దారి తప్పును. మాకు ఆ పదముపై గల ఫిర్యాదు ఇదియే.

అట్లని పదమును పూర్తిగా తప్పనుటయు న్యాయము కాదు. కాలమును వెనుకకు నడిపినట్లు భావించినచో బొంగరపు తిరుగుడువలె స్పిన్నును దిశ మార్చుకొనును. పైన చెప్పిన రక్షణకు ఈ కాలవిపర్యయ సౌష్ఠవమే ఆధారము. అయస్కాంత గుణముగల మలినము దానిని భంగపరచును. మరియు, ఉపరితలముపై నేరుగా వెనుకకు మరలుట మాత్రమే నిషిద్ధము. ప్రక్కలకు చెదరుట కలదు. బిస్మత్ సెలెనైడు స్ఫటికములలో సెలీనియము అక్కడక్కడ లోపించుటచే లోపలి భాగమును కొంత విద్యుత్తును పోనిచ్చుచుండును. ఈ చిక్కులను దాచి, నష్టమే లేని తీగలు వచ్చినవని వ్రాయుట అతిశయోక్తి.

సౌష్ఠవమును లెక్కించు గణితము సమూహ సిద్ధాంతము. భగవంతము గారు టి. వెంకటరాయుడు గారితో కలసి ఆంగ్లమున రచించిన ఆ శాస్త్రగ్రంథమును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో ప్రకటించినది. అట్టి గ్రంథము తెలుగువారి చేత వ్రాయబడియు తెలుగున లేకుండుట మాకు వెలితిగనే తోచుచున్నది.

పదముల మాట. 'స్పిన్' అను రూపమునే ఉంచి, 'స్పిన్-కక్ష్యా యుగ్మనము', 'ఉపరితల స్థితి' అని వాడుట మేలని మా అభిప్రాయము. కక్ష్య యను పదము ఖగోళమునుండి వచ్చినది. ఎలక్ట్రానునకు గ్రహమువలె నిశ్చితమైన మార్గము లేదు గనుక అదియు పూర్తిగ నిర్దుష్టము కాదు. కాని దానివలన ఈ విషయమున అపార్థము కలుగదు, ఉండనిండు. 'టోపోలాజికల్' అనుదానికి 'స్థలాకృతి' అని కొందరు సూచింతురు. అది భూగోళపాఠములలో కొండలు, లోయలు మున్నగువానికి చెల్లుచున్నది. కావున దానిని గ్రహింపలేము. తిరుమలాయపాలెపు పిల్లవానికి ఈ వ్యాసపు ప్రతిని పంపుచున్నాము. అతడింకేమి అడుగునో చూడవలెను.