గుండు లేకుండా గురి

2024 జులై 28న పారిస్‌లో మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్. మను భాకర్ 221.7 దగ్గర ఆగిపోయి కాంస్యం అందుకుంది. 221.8 ఉన్న కొరియా షూటర్ కిమ్ యెజి స్వర్ణ పోరుకు వెళ్లింది. మధ్యలో తేడా 0.1. టార్గెట్ మీద వలయానికీ వలయానికీ ఎడం 8 మి.మీ. కాబట్టి, ఆ 0.1 అంటే కొలతలో 0.8 మి.మీ.

ఇంత సన్నని తేడా చాలావరకు పెల్లెట్ గొట్టం దాటకముందే, పట్టిన చేతిలోనే తేలిపోతుంది. లెక్క చూడండి. గురి చూసేందుకు పిస్టల్‌కు ముందొక సైటు, వెనకొక సైటు. వాటి మధ్య దూరం 320 మి.మీ. అనుకుందాం. రెండు సైట్లూ వరసలోనే ఉండి చెయ్యి మొత్తంగా 1 మి.మీ. పక్కకు జరిగితే దెబ్బ కూడా 1 మి.మీ. జరుగుతుంది, అంతే. అదే వెనక సైటు గాడిలో ముందు సైటు 1 మి.మీ. ఒరిగిందా, 10 మీటర్లను, అంటే 10,000 మి.మీ.ను 320తో భాగించాలి. టార్గెట్ మీద 31 మి.మీ. తేడా వస్తుంది. నట్టనడుమ పడాల్సిన పెల్లెట్ ఏడు పాయింట్ల వలయానికి జారుతుంది. కొత్తవాళ్లు చెయ్యి వణుకుతోందని బెంగపడతారు. బెంగపడాల్సింది సైట్ల వరస గురించి.

ఆ వరసను చెడగొట్టేది వేలు. ఎయిర్ పిస్టల్ ట్రిగర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలన్నది నియమం. పిస్టల్ బరువు 1.5 కిలోలు దాటకూడదు. చాలావాటి బరువు కిలోకు అటూఇటూ ఉంటుంది. కిలో బరువును ఒంటి చేత్తో చాచి పట్టుకుని, అదే చేతి వేలితో అరకిలో బలం పెట్టి లాగాలి. విసురుగా లాగితే సైటు ఒరగక మానదు. నిజంగా కాల్చినప్పుడు చప్పుడూ కుదుపూ ఆ తప్పును కప్పేస్తాయి. పెల్లెట్ లేకుండా ట్రిగర్ నొక్కితే, 'టిక్' మన్న క్షణాన ముందు సైటు ఎటు ఉలిక్కిపడిందో మన కంటికే కనబడుతుంది. దీన్నే డ్రై ఫైరింగ్ అంటారు. పెద్ద పోటీలకు వెళ్లే షూటర్లకు ఇది రోజువారీ పని. 2020 లాక్‌డౌన్‌లో రేంజ్‌లు మూతపడ్డప్పుడు వాళ్లకు మిగిలిన సాధన కూడా ఇదే.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్లకే, 2018లో, సీనియర్ల జాతీయ పోటీల్లో మను భాకర్, హీనా సిద్ధులను దాటి గెలిచింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. గచ్చిబౌలి రేంజ్ ఉన్న ఊరి పిల్ల ఆమె. అనంతపురం నుంచి ఆ రేంజ్‌కు దాదాపు 360 కి.మీ. ఏడాదికి 550 మి.మీ. వాన కురిస్తే గొప్ప అనుకునే ఈ మెట్టసీమలో, వేరుశెనగ మీద బతికే ఇంటి నుంచి వారం వారం అంత దూరం పంపడం ఎవరి తరం? తుపాకి అనగానే ఫ్యాక్షన్ గుర్తొచ్చే నేల ఇది. ఆ పేరు చెరిగి ఇక్కడి పిల్లలు పతకాల లెక్కలోకి రావాలని గట్టిగా కోరుకుంటాను. అందుకే ఇంట్లో ఎంతవరకు నేర్చుకోవచ్చో తెలియాలి.

10 మీటర్ల దగ్గర నల్లటి గుండ్రం వ్యాసం 59.5 మి.మీ. అంటే మీటరుకు దాదాపు 6 మి.మీ. కంటికీ గోడకూ మధ్య 3 మీటర్లుంటే 18 మి.మీ. నల్ల చుక్క చాలు, పన్నెండడుగుల గదిలో సరిపోతుంది. రేంజ్‌లో టార్గెట్ నడిమి భాగం నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇంట్లో దగ్గరగా అంటిస్తాం కనుక ఆ చుక్క పైకి రావాలి: కంటి ఎత్తు 1.55 అయితే సుమారు 1.50 దగ్గర. కొన్నాళ్లు చుక్క కూడా లేకుండా ఖాళీ గోడ వైపే నొక్కడం ఇంకా మంచిది. చూపు సైట్ల మీదే నిలుస్తుంది. పోటీలో 60 షాట్లకు 75 నిమిషాలు, అంటే షాటుకు 75 సెకన్లు. ఇంట్లోనూ ఆ నిదానమే పాటించాలి. హడావుడిగా నొక్కే వందకన్నా చూసుకుంటూ నొక్కే ముప్పై మేలు.

జాగ్రత్తల్లో రాజీ లేదు. పెల్లెట్లు వేరే గదిలో ఉండాలి. పిస్టల్‌ను తెరిచి చూసి, మళ్లీ చూసి, అప్పుడే ఎత్తాలి. అవతల మనుషులు తిరగని గట్టి గోడ వైపే గురి ఉండాలి. పోటీ పిస్టళ్లలో చాలావాటికి డ్రై ఫైరింగ్ ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగుతో నడిచే చౌకరకాన్ని మాత్రం ఖాళీగా పేల్చకూడదు. గాలి అడ్డు లేక పిస్టన్ దడాలున కొట్టుకుని పాడవుతుంది. 4.5 మి.మీ. లోపు గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మందుగుండుతో పేలేదానికి లైసెన్సు తప్పనిసరి.

మహిళల 25 మీటర్ల పిస్టల్‌లో వేగపు దశ ఉంటుంది: 7 సెకన్లు చెయ్యి కింద, 3 సెకన్లలో ఎత్తి ఒక్క షాటు. ఫోన్ టైమర్ పెట్టుకుని ఈ ఎత్తడాన్నీ ఇంట్లో సాధన చెయ్యొచ్చు. అయితే అందులో ట్రిగర్ బరువు కనీసం కిలో, పైగా కుదుపు ఎక్కువ. ఆ కుదుపు తర్వాత చెయ్యి మళ్లీ చోటుకు రావడం గోడ నేర్పలేదు. సైట్లను సరిచేసుకోవడం కూడా పెల్లెట్ పేలిస్తేనే కుదురుతుంది. రేంజ్‌కు వెళ్లే అవకాశం ఎప్పుడు దొరికినా, ఆ గంటలు ఈ రెండింటికే దాచుకోవాలి.