నెమ్మదిగా రాలే తలంబ్రాలు

పెళ్ళి వీడియోలో తలంబ్రాలు పోసే ఘట్టం మీరు చూసే ఉంటారు. చిటికెలో రాలిపోవలసిన బియ్యపుగింజలు దూదిపింజల్లాగా తీరుబడిగా దిగివస్తాయి. భూమి వాటిని లాగటం మానుకున్నదా? లేదు, ఇదంతా లెక్కలో ఉన్న చమత్కారం!

వీడియో అంటే వరసగా తీసిన బొమ్మలే. మన దేశంలో సాధారణంగా సెకనుకు 25 బొమ్మలు తీసి, అదే చొప్పున చూపుతారు. సెకనుకు 100 బొమ్మలు తీసి 25 చొప్పున చూపితే, ఒక సెకనులో జరిగినది నాలుగు సెకన్లపాటు కనిపిస్తుంది. ఇది కొత్త ఊహ కాదు. ఆస్ట్రియా దేశపు క్రైస్తవ మతాచార్యుడు ఆగస్ట్ ముస్గర్ ఇందుకు పొందిన పేటెంటు 1904 నాటిది.

"మామూలుగా తీసిన 25 బొమ్మలనే నెమ్మదిగా చూపరాదా?" అని మీరడగవచ్చు. లెక్క కట్టి చూడండి. దోసిలి నుంచి జారిన గింజ 20 సెంటీమీటర్లు పడేసరికి దాని వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు. అంటే ఒక బొమ్మకూ మరొక బొమ్మకూ మధ్య అది 8 సెంటీమీటర్లు దూకుతుంది! 100 బొమ్మలు తీస్తే ఆ దూకుడు 2 సెంటీమీటర్లే.

అయితే, ఇక్కడొక చిక్కున్నది. బొమ్మలు నాలుగింతలైతే, ఒక్కొక్క బొమ్మకు అందే వెలుతురు నాలుగోవంతవుతుంది. అందుకే పెద్ద సెన్సరు కావాలి. కెమెరా లోపల వెలుతురును పట్టే పలకే సెన్సరు. వానలో చెంబు పెడితే పడే నీళ్ళకన్న గంగాళం పెడితే ఎక్కువ పడతాయి గదా! అలాగే, తగిన కటకం ఉంటే, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల పలక ఎక్కువ వెలుతురును పడుతుంది. కాని కటకాన్ని పూర్తిగా తెరిచినప్పుడు వధువు ముఖం స్పష్టంగా ఉండి, కాస్త వెనకగా ఉన్న వరుడి ముఖం మసకబారవచ్చు.

దీపాల సంగతీ చూసుకోవాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది. కొన్ని దీపాలు దాంతో సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. అది మన కంటికి తెలియదు. 120 బొమ్మలు తీస్తే పందిరంతా మిణుకుమిణుకుమంటుంది; 100 తీస్తే లయ కుదురుతుంది.

అన్నిటికన్న ముఖ్యమైనది ధ్వని. నెమ్మదిగా సాగే దృశ్యానికి అసలు ధ్వని అతకదు. దాన్నీ నాలుగింతలు సాగదీస్తే మంత్రమేదో మేళమేదో పోల్చుకోలేము. అందుకని దానికి బదులు ఏదో పాట చేరుస్తారు. కాని మాంగల్యధారణ వేళ మోగే గట్టిమేళం, అక్షతలు వేస్తూ నాయనమ్మ పలికే దీవెన ఒక్కసారే వినిపిస్తాయి. తరువాత ఎంత డబ్బు పోసినా రావు.

నేర్పరి అయినవాడు తలంబ్రాలను నెమ్మదిగా చూపుతాడు; మాంగల్యధారణను మాత్రం మామూలు వేగంతో, ధ్వనితో సహా తీస్తాడు. మీ ఇంట పెళ్ళి జరిగినప్పుడు, వీడియో తీసేవారికి ఈ మాట ముందే చెప్పమని మీ పెద్దలకు గుర్తుచెయ్యండి. ఏళ్ళు గడిచాక నాయనమ్మ గొంతు విన్నవాళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు.